కర్రోడి బొమ్మల పద్దు: లెక్క తేలని గ్రాములు

ఫిబ్రవరి 25

ఈ పద్దు మొదలుపెట్టడానికి కారణం ఒక రబ్బరు బాతు. మా నల్గొండ దగ్గర చెర్వుగట్టు జాతరకు పోయినప్పుడు మా అన్న బిడ్డ అమ్ములు అడిగిందని నలభై రూపాయలు పెట్టి కొన్నాం, నొక్కితే కీచుమంటుంది. ఇంటికి తెచ్చిన మూడో రోజు అది మంచం కింద కర్రోడికి దొరికింది. నేను చూసేసరికి బాతుకు తల లేదు, లోపల ఉండే కీచుమనే ప్లాస్టిక్ బిళ్ల లేదు, వాడు మాత్రం ఇంకేమైనా ఉందా అన్నట్టు తోక ఊపుకుంటూ నిలబడ్డాడు.

కర్రోడంటే మా కుక్క. వయసు పద్నాలుగు నెలలు, బరువు 27 కిలోలు, తల్లి లాబ్రడార్, తండ్రి మా వాడ కుక్క. నల్లగా ఉంటాడని అమ్మ ఆ పేరు పెట్టింది. వాడు కొరకని వస్తువు మా ఇంట్లో లేదు. చెప్పులు ఆరు జతలు పోయాయి, గేటు పక్కన నల్లా పైపు పోయింది, వాకిట్లో తులసి కోట అంచు సిమెంటు కూడా గీరాడు.

ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. ఉప్పునీళ్లు తాగిస్తే కక్కేస్తాడని పక్కింటాయన అన్నాడు, అన్న గిన్నెలో ఉప్పు కలిపాడు కూడా. ముందు డాక్టరమ్మకు ఫోన్ చేద్దామని నేను ఆపాను. ఆమె గట్టిగా చెప్పింది, ఆ పని అస్సలు చేయొద్దు, ఒంట్లో ఉప్పు ఎక్కువైతే అదే కుక్కను చంపుతుంది అని. తెల్లారేలోపు వాడే కక్కాడు, బిళ్ల ఒకటి, తల ముక్కలు మూడు. ముక్కలన్నీ కలిపి పెడితే తల దాదాపు పూర్తయింది, ముక్కు కొస మాత్రం దొరకలేదు.

పొద్దున పశువుల దవాఖానకు తీసుకుపోతే కడుపు నొక్కి చూసి డాక్టరమ్మ చెప్పిన మాట ఇంకా నా తలలో తిరుగుతూనే ఉంది. "ఇనుము, బొక్క అయితే ఎక్స్‌రేలో తెల్లగా కనపడతయి. ప్లాస్టిక్, రబ్బరు, గుడ్డ చాలాసార్లు కనపడవు. ఏం మింగిండు, ఎంత మింగిండు అని మీరు చెప్పగలిగితేనే మా పని సులువయితది."

ఎంత మింగాడో చెప్పగలగాలి. ఇంటికొచ్చినంతసేపూ అదే ఆలోచన. ఇన్నాళ్లూ నేను దుకాణంలో అడిగింది "ఇది గట్టిదేనా అన్నా" అని మాత్రమే. బొమ్మ విరిగిందా లేదా అన్నది ఒక్కటే చూశాను, విరిగిన ముక్క ఎక్కడికి పోయిందన్నది ఎన్నడూ చూడలేదు.

ఫిబ్రవరి 28

వంటింటి తూకం ఒకటి తెప్పించాను, ఒక గ్రాము తేడా కూడా చూపిస్తుంది. పద్ధతి ఇట్లా పెట్టుకున్నా. కొత్త బొమ్మను కడిగి, ఆరబెట్టి, తూచి, రాసుకోవాలి. పెరట్లో పాత ఫ్లెక్సీ తిరగేసి పరవాలి, వెనక తెల్లగా ఉంటుంది కాబట్టి చిన్న ముక్క పడినా కనపడుతుంది. దాని మీద ఇరవై నిమిషాలు కర్రోడికి బొమ్మ ఇచ్చి పక్కనే కూర్చోవాలి. తర్వాత బొమ్మను మళ్లీ కడిగి, ఆరబెట్టి, తూచి, ఫ్లెక్సీ మీద పడిన ముక్కలన్నీ ఏరి అవి కూడా తూచాలి. మొదటి తూకంలోంచి ఈ రెండూ తీసేస్తే మిగిలేది వాడి కడుపులోకి పోయిన లెక్క.

మొదటిసారే తప్పు చేశా, అది కూడా రాస్తున్నా. ఆడిన వెంటనే తూచితే తాడు బొమ్మ బరువు తగ్గకపోగా పెరిగింది, మొత్తం జొల్లు. నూలు అయితే ఒక పూటంతా ఎండలో ఎండాలి, మొదటి తూకానికి ముందు కూడా అంతే ఎండాలి, లేకపోతే గాలిలో తేమకే ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ అవుతుంది. రబ్బరుకు ఈ బాధ లేదు, తుడిచి ఓ గంట నీడలో పెడితే చాలు.

అన్న గడప మీద కూర్చొని చూసి, "ఏందిరా, కుక్క బొమ్మను తూకం వేస్తున్నవ్?" అన్నాడు. మొత్తం చెప్పాక ఏమీ అనలేదు, మరుసటి రోజు తన షాపు నుంచి పాత ఫ్లెక్సీ ఇంకోటి తెచ్చి ఇచ్చాడు.

మార్చి 3

తాడు బొమ్మ. ప్రకాశం బజారు వైపు ఒక దుకాణంలో కొన్నది, రెండు కొసలా ముడులు, ఎండబెట్టాక 186 గ్రాములు. దీని మీద నాకు చాలా ఆశ ఉండేది, ఎందుకంటే మెత్తగా ఉంటుంది, పళ్లకు దెబ్బ లేదు, నూలు కదా కరిగిపోతుందిలే అనుకున్నా.

మూడు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు. ఎండబెట్టాక 171. అంటే 15 గ్రాములు పోయింది. ఏరిన పోగులు 8 గ్రాములు. మిగతా 7 గ్రాములు లోపలికి పోయినట్టే. నాలుగో రోజు మలంలో జానెడు పొడుగు పోగులు కనపడ్డాయి.

నూలు కరగదు. కుక్క కడుపులో పోగులు పోగులుగానే ఉంటుంది. పొడుగు దారం ఒక కొస కడుపులో ఎక్కడో చిక్కుకుని రెండో కొస పేగులోకి పోతే, పేగు దాన్ని ముందుకు తోయబోయి తానే దారం మీదికి ముడుచుకుపోతుంది, లంగా బొందు లాగితే గుడ్డ కుచ్చులు పడ్డట్టు. ఆ దారం బిగుసుకున్న కొద్దీ పేగును కోస్తుంది. అందుకే కుక్కకు వెనక నుంచి దారం వేలాడుతూ కనపడినా లాగొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది, రెండో కొస ఎక్కడుందో మనకు తెలియదు కదా. లాగకుండా అట్లనే దవాఖానకు తీసుకుపోవాలి.

తాడు తీసేశాను. ఇద్దరం చెరో కొస పట్టుకుని లాగే ఆటకైతే బాగుంటుంది, ఆట అయిపోగానే తీసి పైన పెట్టేస్తే. నమలడానికి ఇచ్చి వదిలేయడానికి మాత్రం ఇది కాదు.

మార్చి 9

ఈ వారం మూడు బొమ్మలు త్వరగా పోయాయి. టెన్నిస్ బంతి 58 గ్రాములు, తొమ్మిది నిమిషాల్లో రెండు చెక్కలు. దాని మీది నూగు ఇసుక, దుమ్ము పట్టుకుని గరుకు కాగితంలా తయారవుతుంది, రోజూ నమిలే కుక్కకు పళ్లు అరిగిపోతాయి. పైగా వాడి నోట్లో నొక్కుకుపోయి వెనక్కి జారేంత చిన్నది. లోపల తిండి గింజలు పోసే గట్టి ప్లాస్టిక్ బంతి నాలుగు నిమిషాల్లో పగిలింది, అంచులు బ్లేడు లాగా ఉన్నాయి, వెంటనే లాగేసుకున్నా. కాన్వాసు గుడ్డ బొమ్మ రెండు రోజులు ఆగింది, మూడో రోజు కుట్టు విడిపోయి దూది బయటికొచ్చింది.

ఇదే వారం ఒక సంగతి తెలిసింది. పిల్లల బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే వాటికి ఆ ఉత్తర్వు. కుక్క బొమ్మలు దాని కిందికి రావు. కాబట్టి అట్ట మీద "చాలా గట్టిది", "విషం లేనిది" అని రాసి ఉంటే అది కంపెనీ చెప్పుకున్న మాట మాత్రమే, మనమే చూసుకోవాలి. పోనీ అమ్ములు పాత టెడ్డీ ఇద్దామంటే అదీ కుదరదు, పిల్లలు దాన్ని కొరికి తినరు కాబట్టి ప్లాస్టిక్ కళ్లు, దూది పెట్టి కుడతారు, కర్రోడు మొదట పీకేది ఆ కళ్లే.

మార్చి 10

ఆదివారం. అమ్మతో గొడవ కాదు గానీ గట్టి మాటలే అయ్యాయి.

మా ఇంట్లో ఆదివారం మటన్ వండితే నల్లి బొక్కలు కర్రోడివి. అమ్మ వాడికి ప్రేమగా తన చేత్తో పెడుతుంది. ఈసారి వద్దన్నాను. "మా కాలంలో కుక్కలు బొక్కలు తినే బతికినయ్, ఇప్పుడు నీ కుక్కకే కొత్త నొప్పులొచ్చినయా" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది, బొక్క కొరకడం కుక్క పుట్టుకతో వచ్చిన అలవాటే. కానీ వండిన బొక్క పెళుసుగా మారి సూదుల్లాగా చీలుతుంది. నల్లి బొక్క గుండ్రంగా కోస్తారు కదా, ఆ ఉంగరం కింది దవడ కోరల వెనక్కి ఎక్కి ఇరుక్కుపోవడం కూడా దవాఖానల్లో చూసే కేసే, మత్తిచ్చి కట్ చేసి తీయాల్సి వస్తుంది.

ఇవన్నీ పక్కన పెట్టినా పళ్ల సంగతి ఉంది. పెద్ద కుక్కకు 42 పళ్లు. పై దవడలో పక్కన అన్నిటికన్నా పెద్దగా కనపడే పన్ను ఒకటి ఉంటుంది, గట్టి వస్తువేదైనా దాంతోనే కొరుకుతుంది, చెక్కలుగా విరిగేదీ ఎక్కువగా అదే. మనిషి పంటి మీది ఎనామిల్ రెండు మిల్లీమీటర్ల దాకా ఉంటే కుక్కకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పన్ను విరిగినా కుక్క చెప్పదు, అన్నం తింటూనే ఉంటుంది, రెండో వైపు నములుతుంది, లోపల చీము పట్టి కన్ను కింద వాచినప్పుడు గానీ మనకు తెలియదు. నేను కర్రోడి పెదవి ఎత్తి అమ్మకు ఆ పన్ను చూపించా. టార్చ్ వేసి రెండు వైపులా చూసింది. "ఇంకా బాగనే ఉంది" అంది. తర్వాత బొక్కలు మూటగట్టి చెత్తబండికి వేసింది, వాడికి అందకుండా. ఇప్పుడు వాడికి ఉప్పు కారం వేయకముందే తీసిన మెత్తటి ముక్కలు రెండు పెడుతోంది.

ఇందుకే కొనే ముందు రెండు పరీక్షలు. బొటనవేలి గోరుతో బొమ్మను గట్టిగా నొక్కితే కొంచెమైనా దిగాలి. దిగకపోతే అది పంటిని విరగ్గొట్టేంత గట్టిది కావచ్చు. రెండోది, ఆ వస్తువుతో నా మోకాలి చిప్ప మీద కొట్టుకోవడానికి భయమేస్తే అది వాడి పళ్లకు ఇవ్వొద్దు. నైలాన్ ఎముక బొమ్మ రెండింట్లోనూ పోయింది. దాన్ని ముందే కొని ఉన్నా కాబట్టి వారం ఇచ్చి చూశా, 140 నుంచి 137కు వచ్చింది, ఇసుక రేణువుల్లాంటి పొట్టు రాలింది, ఏరితే గ్రాము కూడా కాలేదు. ఎద్దు గిట్టలు, దున్న కొమ్ము ముక్కలు, యాక్ పాలతో చేసే ఎండు జున్ను (చుర్పీ) గడ్డలు కూడా దుకాణంలో నొక్కి చూసి అక్కడే పెట్టేశా. పచ్చి తోలు ముడుల సంగతి వేరే, అవి జొల్లుకు నాని ఉబ్బుతాయి, పెద్ద ముక్క తెంపుకుని మింగితే గొంతులో అడ్డం పడుతుంది.

మార్చి 17

మా అన్న బైకు మెకానిక్. షాపులో పాత టైర్లకు కొదవ లేదు. "గీ స్కూటర్ టైరు ముక్క కోసిస్తా, వాని తాత కూడా కొరకలేడు" అని తెచ్చాడు. కోసిన చోట చూశా. అంచులో ఇనుప తీగల చుట్ట ఉంది, రిమ్ముకు పట్టుకునేది అదే. మధ్యలో నైలాన్ దారాలు వరసలుగా ఉన్నాయి. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడింది. రోడ్డు మీద నూనె, మట్టి అంతా పీల్చుకున్న రబ్బరు. అన్నకు చూపించాను, ఆయనే "వద్దు తియ్" అని పక్కన పడేశాడు.

ఈ బండి రబ్బరు గురించి వెతుకుతుంటే దొరికిన కథ ఒకటి చెప్పాలి. 1970లలో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది. అది రాళ్లు నమిలి పళ్లు పాడుచేసుకునేది. ఆయన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగుచేసుకుంటూ ఊడదీసిన సస్పెన్షన్ రబ్బరు ముక్క ఒకటి పక్కన పడేస్తే కుక్క దాన్ని వదల్లేదు. ఆ ఆకారం నుంచే కాంగ్ అనే బోలు రబ్బరు బొమ్మ వచ్చింది, మంచు మనిషిలా మూడు గుండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టుంటుంది. అన్నకు ఈ కథ చెబితే చాలా సంతోషించాడు, మెకానిక్ షెడ్డులో పుట్టిన బొమ్మ కదా. వెంటనే షాపులో బుష్ రబ్బర్లు (బండికి కుదుపు తగ్గించడానికి బిగించేవి) ఏరడం మొదలుపెట్టాడు గానీ, వాటిలో చాలావాటికి లోపల ఇనుప గొట్టం అతికి ఉంటుంది, నూనెలు తట్టుకోవడానికి కలిపే మందులు నోట్లో పెట్టడానికి పనికిరావు. ఆకారం తీసుకోవచ్చు, సరుకు తీసుకోకూడదు.

మార్చి 24

రబ్బరు రింగు బొమ్మ. గోరు దిగింది, వాసన లేదు, 164 గ్రాములు. మొదటి రెండు రోజులు సున్నా నష్టం. మూడో రోజు ఇరవై నిమిషాల్లో 131.

నేను పక్కనే కూర్చుని చూశా కాబట్టి ఎట్లా అయిందో తెలుసు, ఈ మొత్తం పనిలో నేను నేర్చుకున్నది ఎక్కువగా ఈ రోజే. కర్రోడు బొమ్మ మొత్తాన్ని కొరకడు. రెండు ముందు కాళ్ల మధ్య నిలబెట్టి, తల పక్కకు వంచి, వెనక పళ్ల మధ్యకు ఏ భాగం దూరుతుందో తిప్పి తిప్పి చూస్తాడు. రింగు సన్నగా ఉంది కాబట్టి మొత్తం మందం వెనక పళ్ల మధ్యకు పోయింది. కత్తెరలో పెట్టినట్టే. ఒకసారి గాటు పడితే ఇక అక్కడే, అదే గాటు మీద, పది నిమిషాలు. అంతకు ముందు పోయిన బొమ్మలన్నీ తిరగేసి చూశా. బాతుకు ముక్కు, కాన్వాసు బొమ్మకు చెవులు, నైలాన్ ఎముకకు కొసలు. పని అంతా పొడుచుకొచ్చిన చోటే మొదలయింది.

కాబట్టి గట్టిదా మెత్తదా అనే దానికన్నా ముందు అడగాల్సింది, వాడి వెనక పళ్లకు అంచు ఎక్కడ దొరుకుతుంది అని. చెవులు, తోకలు, కాళ్లు, అలంకారపు ముళ్లు ఉన్న బొమ్మ వద్దు. లావుగా, గుండ్రంగా, వెనక పళ్ల మధ్యకు పోనంత మందంగా ఉండాలి.

33 గ్రాముల్లో 30 దొరికింది. మూడు దొరకలేదు. రెండు రోజులు వాంతి ఉందా, అన్నం తింటున్నాడా, మలం వస్తోందా, ముందు కాళ్లు చాచి నడుము పైకెత్తి ఒంగుతున్నాడా అని చూస్తూ ఉన్నా. ఏమీ లేదు. అయినా డాక్టరమ్మకు ఫోన్ చేసి "మూడు గ్రాముల రబ్బరు, గోరంత ముక్కలు" అని చెప్పగలిగాను. నెల కిందట ఈ మాట చెప్పగలిగే స్థితి నాది కాదు.

మార్చి 31

బోలు రబ్బరు బొమ్మ వచ్చింది, నల్లది, గట్టిగా నమిలే కుక్కలకని చేసే రకం, పద్నాలుగు వందల చిల్లర. ధర చూసి వదిన కళ్లు పెద్దవి చేసింది. ఇంతవరకు పారేసిన వాటి ధరలన్నీ కూడితే రెండు వేల మూడు వందలు దాటింది, ఆ కాగితం చూపించా.

అట్ట మీద కుక్క బరువును బట్టి సైజు పట్టిక ఉంది. కర్రోడి బరువు ఒక సైజు చివర్లో పడింది, నేను దానికన్నా పెద్దది తీసుకున్నా. బొమ్మ మొత్తం నోట్లో పట్టకూడదు, కోరలు దాటి లోపలికి పోకూడదు. తప్పైతే పెద్ద సైజు వైపే కావాలి, చిన్న సైజు వైపు కాకూడదు.

రంధ్రాలు కూడా చూశాను. దీనికి కింద పెద్దది, పైన చిన్నది, రెండున్నాయి. ఇది చాలా ముఖ్యం. ఒకే రంధ్రం ఉన్న బంతి ఒకటి నా దగ్గర ఉంది, దాన్ని నొక్కి వేలు రంధ్రంలో పెట్టి వదిలితే వేలు చీకినట్టు పట్టేసింది, లాగితే నొప్పి పుట్టింది. అదే కుక్క నాలుక అయితే వాచిపోయి బయటికి రాదు. గాలి పోవడానికి రెండో దారి ఉంటే పట్టు పడదు. ఆ బంతిని కోసి పారేశా, ఎవరికీ ఇవ్వలేదు.

వాసన చూశా, రబ్బరు వాసన కొంచెం ఉంది గానీ పెయింటు వాసనలా ముక్కుకు కొట్టలేదు. వేడి నీళ్లలో సబ్బుతో కడిగి ఆరబెట్టాక 348 గ్రాములు.

మొదటి రోజు కర్రోడు వాసన చూసి వదిలేసి నా చెప్పు తెచ్చుకున్నాడు.

ఏప్రిల్ 7

వట్టి బొమ్మ వాడికి పట్టలేదు, లోపల తిండి ఉంటేనే పని. వారం రోజులు రకరకాలు పెట్టి చూశా. జొన్న రొట్టె ముక్కలు పెరుగులో నానబెట్టి కూరితే బాగా కుదిరింది, చల్లబెట్టిన గుమ్మడికాయ ముద్ద, ఉడికిన గుడ్డు కూడా. పల్లీలు వేయించి పొట్టు తీసి వదిన మిక్సీలో ముద్ద చేసింది, ఉప్పు చక్కెర ఏమీ లేకుండా. బయట డబ్బాల్లో దొరికే పల్లీ వెన్నలో కొన్నిటికి చక్కెర బదులు జైలిటాల్ వేస్తారు, మనుషులకు ఏమీ కాదు, కుక్కకు కొంచెం పోయినా రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. కొంటే వెనక రాసింది చదవకుండా కొనొద్దు. కిస్మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వాడి నోటికి అస్సలు అందొద్దు, ఈ జాబితా ఫ్రిజ్ మీద అతికించాం, అమ్ములు కూడా చదువుతుంది.

ఇందులో పెట్టిన తిండి వాడి గిన్నెలోంచే తగ్గిస్తున్నా. లేకపోతే ఒళ్లు పెరుగుతుంది.

ఏప్రిల్ 15

ఎండలు ముదిరాయి. పానగల్లు ఉదయ సముద్రం కట్ట మీద పొద్దున గంట తిరిగేవాళ్లం, ఇప్పుడు ఏడు కాకముందే వెనక్కి రావాల్సి వస్తోంది, సాయంత్రం ఏడైనా రోడ్డు ఇంకా కాలుతూనే ఉంటుంది. నా అరచేయి రోడ్డు మీద కొద్దిసేపు పెట్టలేకపోతే వాడి పాదాలు మాత్రం ఎట్లా ఆనతాయి? నడక సగం తగ్గింది, కొరకడం రెట్టింపయింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని పద్దు చూస్తేనే అర్థమయింది, నడక తప్పిన రోజులన్నీ ఏదో ఒకటి పోయిన రోజులే. మంచి బొమ్మ తెచ్చాం కదా అని నడక మానేస్తే ఆ బొమ్మా నిలవదు.

అందుకని రాత్రి బొమ్మలో పెరుగు, రొట్టె కూరి ఫ్రీజర్‌లో పెట్టి మధ్యాహ్నం రెండు గంటలకు ఇస్తున్నా. గడ్డకట్టాక నలభై నిమిషాలు పడుతుంది వాడికి, నాకి నాకి, తర్వాత అట్లనే నేల మీద పడుకుంటాడు. ఉట్టి ఐసు గడ్డలు పెద్దవి ఇవ్వొద్దు, వాటికీ పళ్లు విరుగుతాయి. రబ్బరు లోపల గట్టిపడ్డ పెరుగుకు ఆ భయం లేదు, నాలుకతో కరిగిస్తాడు.

కనగల్ దగ్గర చిన్నాయన బత్తాయి తోటకు ఆదివారం తీసుకుపోతే రాలిన కాయలు బంతుల్లా ఆడుకున్నాడు. కాసేపు ముద్దుగా అనిపించింది. తొక్కలో ఉండే నూనె కుక్కలకు పడదు, కడుపు తిప్పుతుంది, రెండు నిమిషాల్లోనే పిలిచేశా. ఎండు కొమ్మలు కూడా నోట పట్టనివ్వలేదు, విరిగితే పేళ్లు లేచి అంగిట్లో గుచ్చుకుంటాయి. మా బొమ్మ వెంట తీసుకుపోయా, అదే విసిరా. అది నేల మీద పడి ఎటు ఎగురుతుందో వాడికీ తెలియదు నాకూ తెలియదు, చెట్ల సందుల్లో బాగా ఉరికాడు.

ఏప్రిల్ 21

ఈ రోజు ఒకటి జరిగింది, భయపడ్డాం. కర్రోడు బొమ్మ నాకుతుంటే అమ్ములు వెళ్లి లాక్కోబోయింది. వాడు గుర్రుమన్నాడు. కరవలేదు, ఒళ్లు బిగించి గుర్రుమన్నాడు అంతే. అన్న కర్ర అందుకున్నాడు, నేను అడ్డం పోయాను.

తప్పు వాడిది కాదు. రెండు నెలలుగా వాడి నోట్లోంచి చెప్పులు, పైపులు, ముక్కలు అన్నీ లాక్కున్నది నేనే. లాక్కుంటారని తెలిస్తే కుక్క రెండే చేస్తుంది, గుర్రుమనడం లేదా త్వరగా మింగేయడం. రెండోది ఇంకా ప్రమాదం. బాతు తల కూడా నేను పరుగెత్తుకుంటూ వస్తుంటేనే మింగి ఉంటాడేమో అనిపిస్తోంది.

ఈ సాయంత్రం నుంచే మొదలుపెట్టా. వాడి దగ్గర ఏముంటే దానికన్నా మంచిది చేతిలో పట్టుకుని, "ఇచ్చెయ్" అని, వాడు నోరు తెరవగానే ఉడికిన గుడ్డు ముక్క పెట్టి, బొమ్మ తీసుకుని, చూసి, మళ్లీ వాడికే ఇచ్చేస్తున్నా. ఆ తిరిగి ఇవ్వడమే అసలు కిటుకు. అమ్ములుకు ఒకటే మాట, కర్రోడు తింటున్నప్పుడు, నములుతున్నప్పుడు దగ్గరికి పోవద్దు బిడ్డా, కావాలంటే నన్ను పిలువు.

ఏప్రిల్ 30

తొమ్మిది రోజుల్లో "ఇచ్చెయ్" అంటే ఏది ఉన్నా నేల మీద పెట్టి నా మొహం చూస్తున్నాడు. ఈ పొద్దున గేటు దగ్గర ఎక్కడిదో పాల ప్యాకెట్ కవరు నోట పట్టాడు, నేను పిలవగానే తెచ్చి పాదాల దగ్గర వదిలాడు. గుడ్డు లేదు చేతిలో, లోపలికి పరుగెత్తి రొట్టె ముక్క తెచ్చి పెట్టా.

ఇప్పుడు వాడుతున్నవి మూడే. నల్ల బోలు బొమ్మ, అదే రకం ఇంకోటి (ఒకటి ఫ్రీజర్‌లో ఉంటే ఒకటి బయట), లావుపాటి గట్టి రబ్బరు బంతి ఒకటి, వాడి నోటికి పట్టనిది. మూడూ ఒకేసారి బయట ఉండవు, రోజుకొకటి మారుస్తా. దాచి రెండు రోజుల తర్వాత తీస్తే కొత్తదానిలా చూస్తాడు. పెరటి మూలన రెండు తట్టల ఇసుక పోసి బంతి అందులో పాతిపెడుతున్నా, తవ్వడమూ పనే కదా. ఎవరూ ఇంట్లో లేనప్పుడు బొమ్మలేవీ వాడి దగ్గర వదలడం లేదు, ఎంత గట్టిదైనా సరే.

అన్న షాపుకు వచ్చే వాళ్లలో కుక్కలున్నవాళ్లు అడుగుతున్నారంట, ఏ బొమ్మ కొనాలి అని. అన్న వాళ్లకు గోరు పరీక్ష చూపిస్తున్నాడు, పాత రింగు ముక్క టేబుల్ మీద పెట్టుకుని. అందరికీ పద్నాలుగు వందలు పెట్టే తాహతు ఉండదు, నాకు తెలుసు. వాళ్లకు నేను చెప్పేది, చవక బొమ్మలు ఐదు కొనే బదులు కొన్నాళ్లు ఏమీ కొనొద్దు, పెద్ద క్యారెట్ ఒకటి కడిగి ఇవ్వండి, అట్టపెట్టెలో పిన్నులు, టేపు పీకేసి నాలుగు రొట్టె ముక్కలు వేసి మూయండి. చింపుతుంది. చింపి మింగే కుక్క అయితే అట్ట కూడా వద్దు. పక్కన కూర్చుని చూస్తేనే మీ కుక్క ఏ రకమో తెలుస్తుంది.

మే 12

నెలన్నర తర్వాత తూకం. మొదటి నల్ల బొమ్మ 348 నుంచి 347. రెండోది 349, మారలేదు. బంతి 290 నుంచి 289.

మొదటి దాని కింది రంధ్రం అంచున సన్నటి గీత ఉంది, వేలితో సాగదీస్తే కనపడుతుంది, వదిలితే మూసుకుపోతుంది. గోరు దూరడం లేదు. దాని పక్కన తెల్ల పెన్నుతో చిన్న చుక్క పెడదామనుకున్నా గానీ రంగు వాడి నోట్లోకి పోతుంది, పెట్టలేదు, ఫోటో తీసి తేదీ రాసి పెట్టుకున్నా. గోరు దూరినా, మొత్తం మూడు గ్రాములు తగ్గినా ఆ రోజే తీసేస్తా. ఇకనుంచి ప్రతి ఆదివారం తూకం, అమ్ములు అంకెలు చదువుతుంది, నేను రాస్తా.

కర్రోడి పై పళ్లు రెండు వైపులా టార్చ్ వేసి చూశాం, అమ్మ కూడా వచ్చి చూసింది. పగుళ్లు లేవు. లెక్క తేలని గ్రాములు ఈ వారం: సున్నా.